బావగారు నాచేత బిగింపించిన స్కోపు

1. గత మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఇంట్లో ఫోన్ మోగింది.

2. అవతల మా అక్క. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారు వెళ్లిపోయారురా" అన్నది.

3. ఎన్ని గంటలకు అని అడిగాను. అటువంటి వేళ అడగవలసిన ప్రశ్న అది కాదని అడిగిన తరువాత తెలిసింది.

4. "ఐదుంబావుకి. నువ్వు అడుగుతావని గడియారం చూసి పెట్టుకున్నాను" అన్నది.

5. ఆ సమయాన్ని కాగితం మీద రాసుకున్నాను. దాని కింద ఏమి రాయాలో తోచలేదు.

ఈ పత్రిక చదివేవారిలో చాలామంది మా బావగారిని, ఆదివారం ప్రార్థన కూటం ముగిశాక వంటింట్లో నిలబడి ముప్పై మందికి టీ కాచే మనిషిగా ఎరుగుదురు. విమాన భాగాలు చేసే కార్ఖానాలో లోహాన్ని చెక్కే లేతు మీద పనిచేశారని కొందరికి తెలుసు. శరదృతువు రాగానే కొండలు దాటి తూర్పు వైపు జింకల వేటకు వెళ్లేవారని బహు కొద్దిమందికే తెలుసు. నాచేత రైఫిల్ పట్టించినది ఆయనే. ఒకసారి దానిని దించేసిన నాచేత మళ్లీ ఎత్తించినదీ ఆయనే. ఆ రెండవ సంగతినే ఇక్కడ రాస్తున్నాను.

1980 శరదృతువులో ఒక సాయంత్రం నేను ఒక మగ జింకను గాయపరిచాను. అప్పటికి నాకు నలభై ఏళ్లు. టైప్‌రైటర్లు బాగుచేసే పనిలో వాటి లోపలి సన్నని తీగలను చూసీ చూసీ కళ్లు అలిసిపోయి, తుపాకీ మీద గురి చూసే గాడీ, కొసనున్న ముల్లూ ఒకేసారి స్పష్టంగా కనబడడం మానేశాయి. గుండు తొడలో తగిలింది. జింక కుంటుతూ గుట్ట దాటింది. చీకటి పడేదాకా రక్తపు చుక్కల వెంట నడిచాము. ఆ మీదట వాన వచ్చి చుక్కలను కడిగేసింది. జింక దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో, ఇక రైఫిల్ ముట్టను అన్నాను. బావగారు డ్రైవ్ చేస్తూనే అన్నారు:

"నువ్వు మానేస్తే ఆ జింకకి నొప్పి తగ్గుతుందేమిటోయ్? కళ్లు మారాయి, అంతే. స్కోపు పెట్టుకో. అప్పుడు కూడా చేతకాకపోతే నేనే మానిపిస్తాను."

ఏ పనినైనా పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకోవడం నా అలవాటు. ఆ చలికాలమంతా, గురి చూసేందుకు దుర్భిణిలా తుపాకీ మీద బిగించే ఈ స్కోపుల గురించి దొరికినదల్లా చదివి, పద్దెనిమిది ప్రశ్నల జాబితా తయారుచేసి, పన్నెండు రెట్లు పెద్దదిగా చూపే స్కోపు కొనాలని తేల్చాను.

"పన్నెండు రెట్లా? జింక రోమాలు లెక్కపెడతావా బావమరిదీ?"

"లెక్కపెడితే తప్పేముంది బావగారూ?"

"నువ్వు లెక్క ముగించేసరికి అది పక్క రాష్ట్రం ఐడహో చేరుకుంటుంది. నాలుగు రెట్లు చాలు. తిప్పే భాగం ఎంత తక్కువుంటే చెడేది అంత తక్కువ."

ఆయన కుడి కనుబొమ్మ మీద అర్ధచంద్రంలాంటి మచ్చ ఉండేది. దానిని వేలితో చూపించి, "కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉందో లేదో చూడు. లేకపోతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు నీకూ ఇలాంటిది వస్తుంది. ఇది తగిలినప్పుడు మీ అక్క కట్టు విప్పేదాకా నవ్వుతూనే ఉంది" అన్నారు.

మన వైపు వానలకు స్కోపు లోపల ఆవిరి పట్టకూడదు. అందుకని బావగారు దుకాణదారును ముందే ఒప్పించి రెండు స్కోపులు ఇంటికి తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో ముంచారు.

"అయ్యో, అది పప్పు గిన్నె! తుపాకీ సామాను ఉడకబెడతారా ఎవరైనా?" అని అక్క కేక వేసింది.

"ఉడకబెట్టడం లేదే, స్నానం చేయిస్తున్నాను" అన్నారు బావగారు, గిన్నె మీది నుంచి కళ్లు తిప్పకుండా.

మొదటి దానిలో నుంచి సన్నని బుడగల వరుస పైకి వచ్చింది, అంటే ఎక్కడో సందు ఉందన్నమాట. రెండవది నిశ్చలంగా ఉంది. రెండవది కొన్నాను.

బిగించే పని నేనే చేస్తానన్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. గరాజు చివర ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, స్కోపులోని నిలువు గీతను దానికి సరిచూశాను. స్కోపు గొట్టాన్ని తుపాకీకి పట్టి ఉంచే రింగుల మరలకు అంటిన నూనె తుడిచాను. జాబితా రాసుకుని, ప్రతి మరకూ ఒక సంఖ్య ఇచ్చి, వరుస తప్పకుండా, ఉన్న బలమంతా పెట్టి బిగించాను. బావగారు స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశారు.

మళ్లీ శరదృతువు దగ్గరపడిన ఒక శనివారం కంకర గుంట దగ్గర, వంద గజాల దూరాన కాగితం పెట్టి కాల్చాను. మొదటి మూడు గుళ్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. తరువాతివి కుడికి జరిగాయి, ఆపైన కిందికి. నిలువు గీత పక్కకు వాలింది. ఆ జింక కుంటుకుంటూ గుట్ట దాటడం మళ్లీ కళ్లకు కట్టింది. లోపం స్కోపులో లేదు, నాలోనే ఉంది, ఇక తుపాకీ అమ్మేస్తాను అన్నాను.

"జాబితా తెచ్చావా? చదువు" అన్నారు.

చదివాను. "ఒకటి: ముందు రింగు కుడి పక్క మొదటి మర, పూర్తిగా బిగించుట. రెండు: దాని పక్క మర, పూర్తిగా బిగించుట..."

"ఆగవోయ్. బంతిలో నలుగురు కూర్చుంటే మొదటివాడి విస్తట్లోనే గుండిగంతా బోర్లిస్తావా? తలా ఒక గరిటె వేసి మళ్లీ మొదటికి రావాలి. ఒక పక్కంతా ముందే బిగిస్తే గొట్టం అటు తిరగదూ? రెండో పక్క పట్టు ఉంటుందా?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నీ పద్దెనిమిది ప్రశ్నల కింద పంతొమ్మిదో నంబరు వేసి రాసుకుని ఊరుకునేవాడివి."

మరలన్నీ వదులు చేయించారు. పిడికిలి వద్దని రెండు వేళ్లతో పట్టించారు. కుడిది కొంచెం, ఎడమది కొంచెం, ముందుదీ వెనుకదీ కొంచెం కొంచెం. రింగుల రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ అన్నిటినీ అయిదుసార్లు చుట్టి వచ్చాను. ఆపైన ఆయన షరతు పెట్టారు. వరుసగా మూడు శనివారాలు, వారానికి ఐదు గుళ్లు, టీ సాసరంత వలయంలో పడాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి. అంతవరకూ జింక వైపు తుపాకీ తిప్పకూడదు.

రెండవ శనివారం నాలుగవ గుండు అర అంగుళం బయట పడింది. గాలి అన్నాను, బల్ల కదిలింది అన్నాను.

"గురి మనకి సరదా, దానికి ప్రాణం" అన్నారు. మళ్లీ మొదటి నుంచి లెక్కించారు. నేను పదిహేను గుళ్లూ సాసరులో వేసేసరికి వేట కాలంలో రెండు రోజులు మిగిలాయి.

ఆఖరి రోజు ఉదయం గుట్ట వాలులో పక్కపక్కన పడుకున్నాము. నూట ఇరవై గజాల దూరాన ఒక మగ జింక పొదల్లో నుంచి వచ్చింది. దాని ఊపిరి ఆవిరి కూడా స్కోపులో కనబడింది. దాని భుజానికి అడ్డంగా ఒక కొమ్మ ఉంది. బావగారి వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నిర్ణయం నాకే వదిలేశారని అర్థమైంది. ఆగాను. జింక రెండు అడుగులు వేసింది. కొమ్మ తప్పుకుంది. కాల్చాను.

అది నిలబడిన చోటనే కూలింది. మేము చేరేసరికి కదలిక లేదు. బావగారు మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద అరచెయ్యి ఉంచారు.

"దీనికి తెలియను కూడా తెలియలేదోయ్" అన్నారు.

ఏడాదిగా నా గుండెలో బిగుసుకుని ఉన్నదేదో అప్పుడు వదులైంది. ఆయన పక్కన కూర్చున్నాను. మంచు పడడం మొదలైంది. రేకులు ఆయన టోపీ మీద, నా మోకాళ్ల మీద తెల్లగా నిలిచాయి. జింక వీపు మీద పడినవి మాత్రం, ఇంకా వెచ్చగా ఉన్నందున, పడినవి పడినట్టే కరిగిపోతున్నాయి.

బాతెల్, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు.
తాళ్లూరి జ్ఞానసుందరరావు