టీవీ మీద చెయ్యి

మా నాన్న ఊరి నుంచి వచ్చాక చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, నేరుగా వెళ్ళి టీవీ మీద చెయ్యి వేసేవాడు. మా యోగక్షేమాలు ఆ తర్వాత. టీవీ వేడిగా ఉంటే, ఆయన వస్తున్నాడని తెలిసి ఎవరో ఇప్పుడే కట్టేశారని లెక్క. కానీ బెజవాడ ఎండల్లో టీవీ వేడెక్కడానికి ఎవరూ దాన్ని పెట్టక్కర్లేదు. ఆ సంగతి నాన్నకీ తెలుసు. అందుకని పక్కనున్న బీరువా మీద కూడా చెయ్యి వేసి, రెండిటికీ తేడా చూసుకుని, అప్పుడు మా అమ్మ వైపు తిరిగేవాడు.

అది ఆయన గుణం కాదనీ, ఉద్యోగమనీ అమ్మ సర్దిచెప్పేది. నాన్న గవర్నర్‌పేటలో ఒక సినిమా డిస్ట్రిబ్యూటర్ దగ్గర రిప్రజెంటేటివ్. సినిమాతో పాటు ఊళ్ళకి వెళ్ళి, హాల్లో నిజంగా ఎంతమంది కూర్చున్నారో, హాలువాళ్ళు ఎంతమందని చెబుతున్నారో చూసి, మధ్యలో ఉన్న తేడాని పట్టుకోవాలి. అంటే నమ్మకపోవడానికి జీతం. సెలవు రోజుల్లో కూడా ఆయన సాధన మానేవాడు కాదు. పాలవాడి నుంచి పురోహితుడి దాకా అందరికీ ఆయన దగ్గర ఒక కేసు ఉండేది.

హాల్లో ఆయన తెరకి వీపు పెట్టి, జనాన్ని చూస్తూ నిలబడేవాడు. ఆ లెక్కన కొన్ని వందల సినిమాలు విన్నాడు. ఒక్కటైనా చూసిన దాఖలా లేదు. హాలు యజమానులు టీ ఇస్తే తాగేవాడు కాదు. అంతా టీతోనే మొదలవుతుందనేవాడు. ఏం మొదలవుతుందో మాకెప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో టీవీ చూడొద్దని మాత్రం అనలేదు. పాత సినిమాలు చూడొచ్చు, పాటలు వినొచ్చు. ఆయన ఏ సినిమా మీద ఊళ్ళు తిరుగుతున్నాడో అది కేబుల్లో వస్తే మాత్రం కట్టేయాలి. మన కూడు మనమే చెడగొట్టుకున్నట్టు అవుతుందని ఆయన వాదన. వాదనలో తప్పేమీ లేదు. సినిమాలు బాగుండటమే చిక్కు.

అప్పటికి సీడీలు కొత్తగా వచ్చాయి. భవానీపురంలో మా వీధి కేబులతను సొంతంగా ఒక ఛానెల్ పెట్టుకుని, మధ్యాహ్నం పూట సినిమా వేసేవాడు. ఒక్కోసారి అది కొత్త సినిమా అయ్యేది, ఎవరో హాల్లో కూర్చుని దొంగతనంగా కెమెరాతో తీసింది. ముందుగా చెప్పేవాడు కాదు. పంపులో నీళ్ళు వస్తున్నా బిందె పట్టుకుని ఎవరూ బయటికి రాకపోతే, ఏదో వేశాడని అర్థం.

ఆ వేసవిలో నాన్న ఒక అన్నదమ్ముల సినిమా మీద మైలవరం వెళ్ళాడు. ఆయన వెళ్ళిన కొద్ది రోజులకే పంపు దగ్గర అలాంటి నిశ్శబ్దం వచ్చింది. నేను టీవీ పెట్టాను. డిగ్రీ సెలవులు, చేసే పని లేదు. అమ్మ వద్దంది, అని కూర్చుంది. నాయనమ్మ మంచం టీవీకి ఎదురుగానే ఉండేది కాబట్టి ఆవిడ్ని అడగాల్సిన అవసరం రాలేదు. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి గుమ్మం మెట్లు దిగలేదు. ఆవిడకి సినిమా అంటే ఆ మంచమే.

బొమ్మ కాస్త ఏటవాలుగా ఉంది. కింద నల్లగా తలకాయలు. ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఆ దగ్గు నాదనుకుని నాయనమ్మ అమ్మచేత నాకు మిరియాల పాలు పెట్టించింది. కాదని చెప్పేలోపు సెంటిమెంటు సీను వచ్చింది. తాగేశాను.

మైలవరంలో పరిస్థితి ఇంకోలా ఉంది. సినిమా బాగుందని అంతా అంటున్నారు, హాల్లో మాత్రం జనం పలచబడ్డారు. ఊళ్ళో కేబుల్లో వేసేస్తున్నారని హాలు యజమాని నాన్నతో మొత్తుకున్నాడు. జనాన్ని దాచే ప్రతి యజమానీ చెప్పే మాటే అది. నాన్న పక్క గుమ్మాలు వెతికాడు, గోడలు చూశాడు, గేటు మనిషి చొక్కా జేబు వైపు కూడా చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే బాగా దాచారనే అనుకున్నాడు.

గవర్నర్‌పేటలో డిస్ట్రిబ్యూటర్ ఇంకో అడుగు ముందుకి వేశాడు. తన బొమ్మ బయటికి పొక్కే అవకాశమే లేదనీ, హాలువాడూ నాన్నా కుమ్మక్కయ్యారనీ ఆయనకి తోచింది. కలెక్షన్లు పడిపోవడానికి సరైన కారణం చూపించకపోతే ఇంక ఆఫీసుకి రానక్కర్లేదని నాన్నకి కబురు పెట్టాడు. అందరినీ అనుమానించి బతికిన మనిషికి, తన వంతు వస్తుందన్న అనుమానం మాత్రం రాలేదు.

ఆ కబురు అందుకుని నాన్న మధ్యాహ్నం బస్సుకి ఇంటికొచ్చాడు. టీవీ మీద చెయ్యి వేశాడు, బీరువా మీద వేశాడు. అమ్మ వైపు తిరగకుండా అన్నానికి కూర్చుని, కబురు సంగతి చెప్పాడు. అమ్మ నెయ్యి వెయ్యడం మర్చిపోయింది. పప్పు కలుపుకుంటూ, ఎవరినీ ఉద్దేశించనట్టు నాన్న అన్నాడు.

"అయినా సినిమాలోనే ఉందిలే లోపం. ఆఖర్న తమ్ముణ్ణి చంపేస్తే జనం ఎందుకొస్తారు?"

నేనూ అమ్మా కంచాల్లోకి చూసుకున్నాం. మంచం మీంచి నాయనమ్మ తల ఎత్తింది.

"తమ్ముడెక్కడ చచ్చాడ్రా? పోయింది వాళ్ళ కుంటి మేనమామ. హాల్లో నుంచుని కూడా చూళ్ళేదా?"

కథ కావాలనే తప్పు చెప్పి ఆ వల మా మీదకే వేశాడు కానీ, అందులో పడేది తన తల్లి అని నాన్న ఊహించలేదు. కోప్పడతాడనుకున్నాం. ఆయన మజ్జిగ కూడా పోసుకోకుండా లేచి, చెయ్యి కడుక్కుని, నాయనమ్మ మంచం మీద కూర్చున్నాడు. ఎప్పుడు చూశావు, ఎలా కనపడింది, ఇంకేం కనపడ్డాయి అని మెల్లగా అడిగాడు. మైలవరం యజమాని నిజమే చెప్పి ఉంటాడన్న ఆలోచన ఆయనకి అప్పుడే మొదటిసారి వచ్చి ఉంటుంది. మొహం చూస్తే ఒంట్లో బాగాలేనట్టు ఉంది.

కేబులతని దగ్గరికి వెళ్తే, అలాంటి పాడు పనులు తాము చెయ్యమని అతను దేవుడి పటం మీద చెయ్యి వేశాడట. ఆ సీడీ మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. ఇంక మిగిలింది సాక్షులు. అమ్మా నేనూ పనికిరాం, హాలుకి వెళ్ళి చూసొచ్చి అబద్ధం చెబుతున్నాం అనొచ్చు. హాలుకి వెళ్ళలేదని చూడగానే తెలిసిపోయే మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే నాన్నా నేనూ నాయనమ్మని కుర్చీతో సహా మెట్లు దింపి ఆటో ఎక్కించాం. ఎన్నో ఏళ్ళకి బయటికొచ్చిన ఆవిడ ఊరంతా మారిపోయిందని ఎక్కడా అనలేదు. ఆటోవాడు చుట్టు తిప్పుతున్నాడని మాత్రం అంది. నాన్న ఆవిడ కొడుకని నాకు ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు మేడ మీద. నాయనమ్మ ఎక్కలేదు. నాన్న పైకి వెళ్ళి ఏం చెప్పాడో గానీ, డిస్ట్రిబ్యూటరే తెల్లబట్టల్లో కిందికి దిగొచ్చి ఆటోలోకి వంగి చూశారు. ఆవిడ మోకాళ్ళకి కట్టిన గుడ్డల వైపు చూసి నమస్కారం పెట్టారు. నాయనమ్మ సినిమా కథంతా చెప్పింది. ఆటోవాడు ఇంజను ఆపేసి విన్నాడు.

ఆయన గడ్డం గోక్కున్నారు. "కథదేముందమ్మా. మీ అబ్బాయి చెప్పి ఉండొచ్చుగా?"

"వాడికి కథ తెలీదయ్యా, తమ్ముణ్ణి చంపేశాడు," అంది నాయనమ్మ. "పోనీ, ఇది చెప్పు. మేనమామ ప్రాణం పోయేటప్పుడు ముందు వరసలోంచి ఒకడు లేచి, తీరిగ్గా లుంగీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. గళ్ళ లుంగీ. నువ్వు తెచ్చిన బొమ్మలో ఉన్నాడా వాడు?"

డిస్ట్రిబ్యూటర్ లేడన్నట్టు తల అడ్డంగా ఊపారు. తర్వాత నాన్న భుజం మీద చెయ్యి వేసి, మైలవరం వెళ్ళి ఆ హాలాయనకి తన మాటగా రెండు మంచి ముక్కలు చెప్పి రమ్మన్నారు. నాన్న వెళ్ళాడు. అక్కడ టీ కూడా తాగాడట. ఒకటే, అదీ సగం అని ఆయనే చెప్పాడు.

అది తర్వాతి సంగతి. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆటో ఏ దారిన తిప్పుతున్నాడో కూడా నాన్న పట్టించుకోలేదు. ఉద్యోగం నిలబడిన మనిషిలా లేడు. గొల్లపూడి బస్సొకటి మమ్మల్ని రాసుకుంటూ వెళ్ళాక, నాయనమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇంతకీ ఆ మేనమామ ఎందుకు చచ్చాడు?"

నాయనమ్మ కొడుకుని పైనుంచి కింద దాకా చూసి, కొంగు సర్దుకుంది.

"ఎందుకు అడుగుతున్నావు?" అంది.