బావగారు బండి ఆపిన చోటు

తోట యజమానికి బావమరిదంటే ఇష్టమే గానీ పని చెప్పాలంటే గుండె దడ. గోదాము చూసుకోమంటే తాళంచెవులు లోపల పెట్టి తలుపు లాగేశాడు. పురుగుల మందు కొట్టించమంటే కలుపు మందు కొట్టించి రెండు వరసల మొక్కలు మాడ్చాడు. చివరికి భార్య పోరు పడలేక ఆయన ఎవరికీ నష్టం కలగని ఉద్యోగం ఒకటి కనిపెట్టాడు. దాని పేరు బండ్ల భద్రతాధికారి. ఆ అధికారికి బండి నడపడం రాదన్న సంగతి ఎవరికీ అడ్డం రాలేదు.

అది కొండవాలు మీది పండ్లతోట. రాళ్లూ గుంతలూ ఎక్కి దిగే పొట్టి బండ్లు అక్కడ ఉండేవి. ముందు ఇద్దరికి సీట్లు, వెనక పండ్ల బుట్టలకు తొట్టి.

బావమరిది ఉద్యోగాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. బండితో వచ్చిన పుస్తకం కంఠతా పట్టాడు. బెల్టు పెట్టుకోకుండా ఎవడైనా కదిలితే ఎదురెళ్లి నిలబడేవాడు. తొట్టిలో మనిషి కనిపిస్తే దింపేదాకా వదిలేవాడు కాదు. ఇక వాలులో బండి ఆపారా, పురాణమే.

"చదును దొరకలేదా? సరే, బ్రేకు వెయ్యి. ఇంజను ఆపు. తాళంచెవి తియ్యి. చక్రానికి చెక్క అడ్డం పెట్టు."

డ్రైవర్లు ఆయనకు చెక్కయ్య అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. "నీ తమ్ముడు నన్ను మంచం మీద కూడా బెల్టు పెట్టుకోమంటాడే!" అనేవాడు భార్యతో.

ఒకరోజు పొద్దున బావ హడావిడిగా వచ్చి ఆఫీసుగదికి ఎగువన వాలులో బండి ఆపాడు. ఫోను మోగుతోంది. ఇంజను ఆపకుండానే దిగాడు.

"బావా, బ్రేకు..."

"ఒక్క నిమిషం ఉండరా! నా బండి నా మాట వింటుంది."

వినలేదు. ముందు మర్యాదస్తురాలిలా మెల్లగా కదిలింది, ఆ తర్వాత మర్యాద మానేసింది. "లేవండి! పక్కకు!" అని చెక్కయ్య గావుకేక పెట్టాడు. దిగువన బుట్టలు సర్దుతున్న ఆడవాళ్లు కారణం అడగకుండా చెదిరిపోయారు. అడిగితే ఆయన ఎంతసేపు చెబుతాడో వాళ్లకు తెలుసు. బావ మాత్రం ఫోను పారేసి, బండిని చేత్తో ఆపుదామని దాని ముందుకు ఉరికాడు. చెక్కయ్య వెనకనుంచి ఆయన నడుం పట్టుకుని వేలాడాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. బండి ఆఫీసుగది గోడ పగలగొట్టుకుని లోపలికెళ్లి, భద్రతాధికారి కుర్చీ మీద ఆగింది.

బావ బురద తుడుచుకుంటూ లేచాడు. "భద్రతాధికారివై ఉండి ఏం చేస్తున్నావురా?"

"మిమ్మల్ని పట్టుకున్నా బావా."

చప్పుడు విని అక్క పరుగెత్తుకొచ్చింది. "బండి అక్కడ ఆపిందెవరు?"

ఆడవాళ్లంతా చెట్లకేసి చూశారు. బావ కూడా చూశాడు.

"తమ్ముడూ, రేపట్నుంచి మీ బావకి పాఠం చెప్పు" అంది అక్క. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

మర్నాడు బావ హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, ముఖం మాడ్చుకుని ఇంకో బండిలో కూర్చున్నాడు. "ఏదీ, వాలులో ఆపి చూపించు."

చెక్కయ్య చేతిలో చెక్కతో కిందే నిలబడ్డాడు. "నాకు నడపడం రాదు కదా బావా."

బావ చాలాసేపు నవ్వాడు. నిన్న తన నడుం పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయో ఏమో, నవ్వు ఆపి పక్కకు జరిగాడు. "కూర్చో. కదిలించడం నేను నేర్పుతా, ఆపడం నువ్వు నేర్పు."

చదువు ఇద్దరికీ అబ్బింది. బావ ఇప్పుడు చెక్క పెట్టందే బండి దగ్గర్నుంచి కదలడు. చెక్కయ్యకేమో వేగం రుచి తగిలింది. మలుపుల్లో దుమ్ము లేపుకుంటూ వెళ్తుంటాడు. వెనకనుంచి "మెల్లగా పోరా!" అని గొంతు చించుకోవడం బావ వంతైంది.