అన్‌ఫిట్ బాతు

నా చిన్నప్పుడు ఊరిగాంలో, బంగారు గని కార్మికుల ఇళ్ల వరసల్లో, పనికిరాని ప్రతిదానికీ ఒకటే మాట: అన్‌ఫిట్. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయినా, డాక్టరు ఛాతీ చూసి రాసే ఆ మాటంటే మగవాళ్లకు హడలే. అది రాస్తే పని పోతుంది, ఉంటున్న ఇల్లూ పోతుంది. ఆడవాళ్లు మాత్రం తెగిన చెప్పునూ, కారే బిందెనూ కూడా అన్‌ఫిట్ అనేసేవాళ్లు.

గనిలో పనిచేసే మా తాతయ్య కామసముద్రం వైపు నుంచి నాకొక బాతుపిల్లను తెచ్చి ఇచ్చాడు. మా వరసలో కోళ్లను తప్ప బాతును సాకినవాళ్లు లేరు. బడి నుంచి రాగానే అది రెక్కలాడించుకుంటూ నాకు ఎదురొచ్చేది. ఆరేడు నెలలు తిరిగేసరికి దాని ఆకలే మారిపోయింది. రాగి సంకటి ఎంత పెట్టినా ఊడ్చేసి, ఇంకా కావాలని నా కాళ్ల వెంట పడేది. అదీ చాలక గోడ సున్నం గీకి తినేది. మా అవ్వ పండగకని కొత్తగా కొట్టిన సున్నం! ఒకరోజు కోపమొచ్చి చీపురుతో రెండు దెబ్బలు వేశాను. గుడ్డు పెంకు కోసం అది సున్నం వెతుక్కుంటోందని నాకేం తెలుసు?

అవ్వ ఊరుకుంటుందా! "తినేది ఇద్దరి తిండి, గుడ్డు యాడుండాది? గంగమ్మ పండగ లోపల పెట్టకపోతే ఇంగ ఇది అన్‌ఫిట్, కోసేస్తా" అని తేల్చేసింది. ఆ మర్నాటి నుంచి ఆరు గంటల గని సైరన్ మోగగానే లేచి, రాత్రి బాతును మూసి ఉంచే గంప ఎత్తి చూసి, బడివేళ దాకా అక్కడే కాపు కూర్చునేదాన్ని. కోడి పొద్దెక్కాక పెడుతుంది కదా, బాతూ అంతేననుకున్నాను. కింద గడ్డి వెచ్చగానే ఉండేది, గుడ్డు మాత్రం ఉండేది కాదు. కొవ్వెక్కితే పెట్టదని పక్కింటి అక్క చెబితే, దాని తిండి సగం చేశాను. పాపిష్టిదాన్ని!

పండగ ముందురోజు, కోసేయనా అని అవ్వ తాతయ్యను అడిగింది. తాతయ్య బాతును చూశాడు, నన్ను చూశాడు. "నీ ఇష్టం" అని గడప దాటి వెళ్లిపోయాడు.

పండగ సాయంత్రం బాతు కడుపు చీల్చిన అవ్వ ఒక్క కేక పెట్టింది. లోపల అప్పుడే పెంకు కడుతున్న గుడ్డు ఒకటి, దాని పక్కనే పెద్దవీ చిన్నవీ పూసల్లాగా పచ్చసొనలు. "అయ్యో, ఇది పెడతానే ఉండాది! ఇన్ని దినాలు గుడ్లు యాడికి పోయినాయి?"

"నేనే తాగినాను" అన్నాడు తాతయ్య, నా వైపు చూడకుండా.

దుమ్ముకు పట్టుకున్న దగ్గుకూ దమ్ముకూ పచ్చి బాతుగుడ్డు మంచిదని గనిలో ఎవరో చెప్పారట. పల్లెలో పెరిగిన మనిషి, బాతు తెల్లవారకముందే పెడుతుందని ఆయనకు తెలుసు. నేను సైరన్‌కు లేచేలోపు గుడ్డు తాగేసి పనికి వెళ్లిపోయేవాడు. దగ్గు సంగతి ఇంట్లో తెలిస్తే అవ్వ డాక్టరు దగ్గరికి లాక్కుపోతుంది, డాక్టరు ఆ మాట రాసేస్తాడు. తన మీద పడకూడదనుకున్న మాటను నా బాతు మీద పడనిచ్చాడు.

"అడిగింటే దినామూ నేనే ఇచ్చేదాన్ని కదా తాతా" అన్నాను ఏడుస్తూ. ఆయన అన్నాళ్లు అణచుకున్న దగ్గు మా అందరి ముందూ దగ్గాడు. ఆ కూర మా ఇంట్లో ఎవ్వరూ ముట్టలేదు.

తాతయ్య పోయి ఎన్నో ఏళ్లయింది. గనులూ మూతపడ్డాయి. ఆయన భయం ఇప్పుడు నాకు అర్థమవుతుంది, కానీ ఆ "నీ ఇష్టం" అన్న మాటను ఈ రోజుకూ క్షమించలేకున్నాను. ఎక్కడైనా నలుగురు చేరి ఒకరిని పనికిరానివాళ్లని తీర్మానిస్తుంటే, నిజం తెలిసీ నోరు మెదపనిది ఎవరా అని నా కళ్లు వెతుకుతాయి. వెతికి వెతికి చివరికి నా కుడిచేతి మీదికే వస్తాయి. నిజమేమిటో తెలుసుకోకుండానే ఆ చీపురు పట్టింది ఈ చెయ్యే.