లజ్‌హర్ చూసే చేపలు

కెలీబియా రేవులో లజ్‌హర్ చేసే పని చూడటమే. పడవ ముందు భాగాన బోర్లా పడుకుని, అడుగున గాజు బిగించిన రేకు డబ్బాను నీళ్లమీద ఆనించి, రాళ్ల సందుల్లో ఆక్టోపస్ ఎక్కడుందో కనిపెట్టి చెయ్యెత్తాలి. వెనక తెడ్లు వేసేది అతని భార్య అన్న తిజానీ. పడవ తిజానీదే.

చిక్కేమిటంటే, లజ్‌హర్ ఆక్టోపస్‌ను వదిలేసి చేపల్ని చూసేవాడు. రాళ్ల చుట్టూ తిరిగే చిన్న రంగు చేపలవి, పులుసులోకి తప్ప పనికిరావు. నీలి చారల పెద్ద మగచేపను ఎవరైనా పట్టుకుపోతే, మందలో మిగిలిన ఆడచేపల్లో పెద్దది కొన్నాళ్లకు ఆ రంగులోకే మారి మగది అవుతుందని ఒకసారి ఇంట్లో చెప్పాడు. భార్య ముబారకా నమ్మలేదు. తిజానీ వీధంతా చెప్పి నవ్వించాడు.

ఆ ఏడు ఆక్టోపస్ కాలం మొదలైనా బుట్ట వెలితిగానే తిరిగొచ్చేది. ఒకరోజు పొద్దున్నే పడవ కదలకముందే తిజానీ అన్నాడు: “బావా, ఇవాళ కూడా నీ చేపల కాపురాలే చూస్తావా? ఐతే రేపట్నుంచి అద్దం దగ్గర మా చిన్నాన్న కొడుకు పడుకుంటాడు.”

లజ్‌హర్ డబ్బా అందుకుని ముందు భాగాన బోర్లా పడుకున్నాడు. దెబ్బతిన్న భుజంతో తెడ్డు వేయలేడు. ఆ చోటు పోతే అతనికి సముద్రంలో పనే లేదు.

ఎండెక్కాక అద్దంలో రంగు చేపలు కనిపించాయి. ఎప్పటిలా చెదిరి తిరగడం లేదు. తలలు కిందికి పెట్టి ఒక బండ చుట్టూ గుమిగూడాయి, కాసేపటికి అన్నీ కలిసి పక్క బండకు జరిగాయి. నాగలి వెనక నడిచే కొంగల్లా ఉన్నాయి. అయితే ముందు నడిచేదెవరు? కింద ఏదో రాళ్లు కదిలిస్తోంది. అప్పుడు లేచి పారిపోయే పీతపిల్లల కోసం ఇవి కాచుకుని ఉన్నాయి.

“బావా, ఆ చేపలున్న చోటికి పోనీ.”

“పులుసుకా?”

“పోనియ్యి, చెప్తా.”

కొక్కెం కట్టిన గెడను బండ కిందికి దింపగానే ఆక్టోపస్ దాన్ని చుట్టుకుంది. అలాంటి గుంపుల వెంటే తిరిగితే మధ్యాహ్నానికి బుట్ట నిండింది. హరీసా మిరపకారం రాసిన రొట్టె తింటూ తిజానీ, ఇది ఎన్నాళ్లుగా తెలుసని అడిగాడు.

“ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లూ చేపల్నే చూశా, కిందెవరున్నారో చూడలేదు.”

అద్దం దగ్గరి చోటు అతనికే మిగిలింది. కానీ ఆక్టోపస్ పైకి రాగానే చేపలు చెదిరిపోతాయి, అతను చూస్తున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే గుంపు కనబడ్డా వెంటనే చెయ్యెత్తడు. వెనక తిజానీ తెడ్లు పైకి తీసి కూర్చుంటాడు.

“చూసింది చాల్లే బావా,” అంటాడు కాసేపయ్యాక. “చెయ్యెత్తు.”