వాసిటి ఆక్టోపస్ కలుగు

సముద్రం వెనక్కి తీయగానే వాసిటి ఆక్టోపస్‌లు పట్టే ఇనుపకమ్మీ భుజాన వేసుకుని, ఫోను రవికెలో దోపుకుని పగడపు దిబ్బ మీదికి ఒంటరిగా పోతుంది. ఆక్టోపస్ దాక్కునే కలుగు చనిపోయిన మొగుడు ఆమెకొక్కదానికే చూపించాడు. ఒకనాడు మరిది ఎపేలి బుట్ట పట్టుకుని సరాసరి అక్కడికే వచ్చాడు. ఆమె కలుగు మీద పావడా పరిచి కూర్చుని, పోటు వచ్చేదాకా కబుర్లు చెప్పింది. ఆమె ఫోను ఎక్కడుందో తన ఫోనులో కనపడేలా అతను చాటుగా పెట్టుకున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

"అడక్కుండా మనిషి జాడ పట్టడం నేరం, అత్తా. కేసు రాయనా?" అన్నాడు పోలీసు మేనల్లుడు.

"కేసెందుకురా! పరాయి గడప తొక్కాలంటే మన ఆచారం ప్రకారం కావా వేరు ముందు పెట్టి అడుగుతాం. నా ఫోనులోకి వట్టి చేతులతో దూరతాడా?"

ఆ మాట విని ఎపేలి సాయంత్రం వేరుకట్ట తెచ్చి ముందు పెట్టాడు. "వదినా, నీ ఫోను ఎక్కడుందో చూసుకోనియ్యి."

వేరు ముట్టుకుంటే ఇక కాదనకూడదు. వాసిటి ముట్టుకుంది, ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి, ఆ వేరు దంచి నీళ్లలో కలిపిన కావా తాగింది.

"చూసుకో మరిదీ. ఇకమీదట అది వంటింట్లోనే ఉంటుంది."