రుఫినక్క వేసుకోని మాత్ర

మూడేళ్ళ కిందటిదాకా మా వీధిలో ఎవరికి ఏ మాత్ర పడుతుందో రుఫినక్కే చెప్పేది. మా ఊరి హారో సంతలో కొబ్బరాకులో చుట్టిన జిగురన్నం అమ్ముకునే మనిషికి ఆ పెత్తనం ఎవరిచ్చారో గానీ, డాక్టరు చీటీ రాసినా ఆమె ఊఁ అంటేనే మాకు గొంతు దిగేది.

ఈ వానాకాలం ఆమెకే జ్ఞానదంతం కోసి తీశారు. దవడ బన్నులా వాచింది. పళ్ళ డాక్టరమ్మ అన్నం తిన్నాక వేసుకోమని మెఫెనమిక్ అనే నొప్పి మాత్ర ఇచ్చింది. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడో రోజు జ్వరం తగిలింది. అంతే, మాత్రల అట్ట బల్ల మీద పడేసి దూరంగా కూర్చుంది. అప్పటికే పక్క సందులో ఇద్దరు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నారు.

"మా ఆయనకి ఐబుప్రొఫెన్‌తో గంటలో తగ్గింది. వేసుకో అక్కా," అంది ఎదురింటి పెర్లిటా.

"అదీ ఇదీ ఒకే తాను ముక్కలే. డెంగీ అయితే, ఇవి మింగితే రక్తం ఆగదే."

"పోనీ, పారాసెటమాల్?"

"వేసుకున్నా. జ్వరం దిగింది, నొప్పి మాత్రం కదల్లేదు."

"ఊరికే భయపడి చస్తావేంటి!"

నాకు ఒళ్ళు మండింది. కానీ పెర్లిటా వీధికి కొత్త, ఆమెకేం తెలుసు? మూడేళ్ళ కిందట తన చెల్లెలు నెనెత్ జ్వరం, ఒళ్ళునొప్పులంటూ వస్తే "నీకిదే పడుతుందే" అని రెండు రోజులు ఐబుప్రొఫెన్ మింగించింది రుఫినక్కే. ఆసుపత్రిలో డెంగీ అని తేలేసరికి చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది. నెనెత్ ఇంటికి రాలేదు. మాత్ర వల్లేనా అంటే డాక్టర్లు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

రుఫినక్కని రెక్క పట్టుకుని ఆరోగ్యకేంద్రానికి లాక్కెళ్ళాను. రక్తం తీసుకున్నారు. కూర్చున్నంతసేపూ ఆమె రుమాల్లోకి ఉమ్మి, ఎరుపు చూసి, మడిచి, మళ్ళీ విప్పి చూసుకుంది. పన్ను కోసిన గాయానిదో, ఇంకోదో ఎలా తెలుస్తుంది?

"డెంగీ లేదమ్మా," అంది నర్సు. "పంటి దగ్గర చీము పట్టిందేమో, ఈరోజే చూపించుకోండి. గంజి తాగి ఆ నొప్పి మాత్ర వేసుకోవచ్చు."

హమ్మయ్య అనుకుని నేను లేచాను. రుఫినక్క లేవలేదు.

"పరీక్షంటే ఇంతేనా అమ్మా?"

"ఇంతే. పావుగంట పని."

రుఫినక్క వాచిన దవడ రెండు చేతులతో పట్టుకుంది.

"పావుగంటేనటే," అంది నాతో. "నెనెత్‌ని రెండు రోజులు ఇంట్లోనే కూర్చోబెట్టాను."