తవ్వకుండా చూడటం

మొన్న పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే, నారింజ రంగు తీగల చుట్టలతో ఓ లారీ వెళ్ళింది. అది చూడగానే పక్కనున్న టీకొట్టు బల్ల మీద కూలబడ్డాను.

తొంభైలలో ఓ ఎండాకాలం అలాంటి తీగలే కోడూరు దగ్గర మా మేనత్త చేలో పరిచారు. అప్పట్లో నేను గుడివాడలో సైన్సు మేష్టారిని. సెలవులకు అత్త దగ్గరకు వెళ్ళి, ఆవిడ పెట్టిన మాగాయన్నం తిని, ఆవిడకు తెలియనివన్నీ చెప్పి రావడం నాకో అలవాటు. చమురు సర్వేవాళ్ళు సన్నటి బోర్లు వేసి, అడుగున మందుగుండు దించుతున్నారు. "మందు పేలితే అదురు లోపలికి పోతుందత్తా. ఒక్కో రాతిపొరకు తగిలి కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో ఈ తీగలతో పట్టుకుని, ఏ పొర ఎంత లోతులో ఉందో బొమ్మ గీస్తారు" అన్నాను. "అయితే లోపలున్నదంతా కనిపిస్తుందంటావా?" అంది. "అంతా!" అన్నాను. మేష్టర్లకు 'కొంత' అనే మాట ఓ పట్టాన నోటికి రాదు.

అత్త పొయ్యి మీది కూర దించేసి ఎండలో చేలోకి నడిచింది. గొడుగు పట్టుకుని నేనూ వెంటపడ్డాను. మూలమడిలో తరవాతి బోరుకు గుర్తుగా జెండా పాతుతున్న ఇంజనీరుతో, "బాబూ, డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు మా అమ్మాయిని ఈ మడిలోనే ఎక్కడో పూడ్చారండి. పూడ్చిన పాలేరు పోయేముందు చెప్పాడు. ఇంట్లో చెబితే తవ్వుతారని నేనే ఎవరికీ చెప్పలేదు. మీరు తవ్వకుండా చూస్తారంట గదా, ఎక్కడుందో చెప్పండి" అంది.

ఆ పిల్లను సముద్రం తీసుకుపోయిందనే మేమంతా నమ్మాం. మూలమడిలోకి ట్రాక్టరు దిగనివ్వకపోతే అత్త చాదస్తమని నవ్వుకున్నాం.

ఇంజనీరు నెత్తి మీద టోపీ తీశాడు. "అమ్మా, చాలా లోతున ఉండే పెద్దపెద్ద పొరలే మాకు తెలుస్తాయండి. మనిషంత చిన్నది తెలీదు" అని, జెండా తనే పీకి, బోరు దూరంగా వేయించాడు. మర్నాడు మందు పేలినప్పుడు పాదాల కింద నేల చిన్నగా వణికింది. అత్త రెండు చేతులూ మట్టికి ఆనించి, వణుకు ఆగాక కూడా తియ్యలేదు.

"అంతా కనిపిస్తుందన్నావు గదరా" అంది నాతో. కోపంగా అనలేదు.

అన్నేళ్ళూ ఆవిడ పక్కన కూర్చుని అన్నం తిన్నాను, ఒక్కసారీ నాకు అనుమానం రాలేదు. ఏళ్ళు గడిస్తే ఆ సిగ్గు పాతబడుతుందనుకున్నాను. వయసు మీదపడింది నాకే.